గోడ అవతలి రేడియో

కర్నూలులో పిల్లలు లేనివాళ్ళు వచ్చే ఆస్పత్రి అది. మా చెల్లెలు, ఆమె కొడుకు, కోడలితో తోడుగా వెళ్ళాను. వరండా నిండా స్పిరిట్ వాసన. ఎదురుగా తలుపు తెరుచుకుని ఒక కుర్రవాడు బయటికి వచ్చాడు. లుంగీ ఒంటికి తగలకుండా ముందువైపు చేత్తో ఎత్తి పట్టుకుని, కాళ్ళు ఎడంగా వేస్తూ మెల్లగా నడుస్తున్నాడు. భార్య అతని మోచేయి పట్టుకుని నడిపిస్తోంది. ఇద్దరూ దేనికో నవ్వుకుంటున్నారు. మగవాడి దగ్గర కణాలు బయటికి రాకపోతే ఇప్పుడు లోపలే సూదితోనో కత్తితోనో వెతికి తీసి, బయట గాజు గిన్నెలో భార్య అండంతో కలుపుతారని పక్కనున్న ఆమె నాకు వివరించింది. నేను విన్నట్టు తల ఊపాను గానీ నా చూపంతా ఆ అమ్మాయి చేతి మీదే ఉంది. మొగుడు అలా నడుస్తుంటే పక్కన నడిచే భాగ్యం అందరికీ దొరకదు. అది దొరికిన మనిషిని ఒకామెను నేను ఎరుగుదును. ఆమె దగ్గరే నేను పాఠం చెప్పడం నేర్చుకున్నాను. ఆమెను చూసి కుళ్ళుకున్నంతగా ఈ జన్మలో నేను ఎవరినీ చూసి కుళ్ళుకోలేదు.

ఆమె పేరు సుశీలాబాయి. ఎమ్మిగనూరులో మా ఇంటికి, వాళ్ళ ఇంటికి మధ్య ఒకటే గోడ. మాది నూలు వ్యాపారం చేసే ఇల్లు. వీధి చివరిదాకా మగ్గాల చప్పుడు. ఆమె ఆడపిల్లల బడిలో హెడ్‌మిస్ట్రెస్. భర్త గురునాథాచారి చిన్న ఆంజనేయస్వామి గుడిలో పూజారి. ఊరంతా గురాచార్లు అనేవారు. మంత్రాలయం వైపు నుంచి వచ్చిన కుటుంబం కాబట్టి ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు. నేను కాపురానికి వచ్చేనాటికి వాళ్ళ పెళ్ళయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. నాకూ కొన్నేళ్ళు గడిచినా కలగకపోయేసరికి, ఇంట్లో కూర్చుంటే పిచ్చి పడుతుందని ఆమె మా అత్తను ఒప్పించి నన్ను బడికి తీసుకెళ్ళింది. నేను పదో తరగతి ప్యాసయ్యాను. సెలవు మీద పోయిన టీచరు బదులు మూడో తరగతికి లెక్కలు చెప్పమంది.

మొదటి రోజే నన్ను అవమానించింది. నేను బోర్డు మీద తీసివేత లెక్క చేస్తూ పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం మరిచిపోయాను. తప్పు కనబడగానే చప్పున కొంగుతో తుడిచేసి, సరైన అంకె వేసి, ఏమీ జరగనట్టు వెనక్కి తిరిగాను. ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. "కొంగుతో కాదు సావిత్రీ. మళ్ళా ఆ తప్పే రాయి. రాసి, పిల్లలకు చూపించి, డస్టర్ తీసుకోని అప్పుడు తుడువు" అంది. తరగతి నిండా పిల్లలు. నా చెవులు మండిపోయాయి. ఆ తప్పు అంకె మళ్ళీ నా చేత్తోనే రాయించింది. ముందు బెంచీలో ఒక పిల్ల చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ పిల్ల పేరు నాకిప్పటికీ గుర్తుంది. సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆమె ఒక్క ఓదార్పు మాట కూడా అనలేదు. తర్వాత శిక్షణ పొంది, ఆ బడిలోనే టీచరునై ఎన్నేళ్ళు ఆమె కింద పనిచేశానో, నువ్వు బాగా చెప్తావని ఒక్కసారి కూడా అనలేదు. ఆ ఒక్క మాట కోసం నేను ఎంత గొంతు చించుకుని పాఠాలు చెప్పానో ఆమెకు తెలియక కాదు.

ఆ రోజుల్లో పిల్లలు లేకపోతే పరీక్షలన్నీ ఆడదానికే. నన్ను ఆదోనికి, బళ్ళారికి తిప్పారు. నాటు మందులు మింగించారు. మా ఆయన్ను పరీక్షించాలన్న మాట ఎత్తితేనే మా అత్త ఊరుకునేది కాదు. దానికో కారణం ఉంది. మా ఆయనకు చిన్నప్పుడు మశూచి వచ్చింది. మొహమంతా మచ్చలే. దాన్ని మా ఇంట్లో జబ్బు అనకూడదు, అమ్మవారు పోసింది అనాలి. తన బిడ్డను అమ్మవారు తాకి, ఉంచాలనే ఉంచి పోయిందని మా అత్త నమ్మకం. "ఆ యమ్మ గుర్తులేసిన ఒళ్ళు. దానికి లోపమా? డాక్టరు కత్తి తగిలితే ఆ యమ్మ ఊరుకుంటాదా?" అనేది. కాబట్టి లోపం నాదే కావాలి. ఆమె ప్రకారం వేరే దారి లేదు.

ఎమర్జెన్సీ పోయి కొంతకాలమైంది. ఊళ్ళో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల భయం ఇంకా తీరలేదు. అలాంటి రోజుల్లో ఒక ఉదయం గురాచార్లు గుడి మెట్ల మీద నిలబడి, తాను మరునాడు ఆదోని పోయి ఆపరేషన్ చేయించుకుంటున్నానని, పూజకు అన్న కొడుకు వస్తాడని అందరికీ చెప్పాడు. ఎక్కడ ఆపరేషన్ అని అడిగితే దాచలేదు. వీధి విరగబడి నవ్వింది. పిల్లలే లేనివాడికి కుటుంబ నియంత్రణ ఏమిటని, ఆపరేషనుకు ఇచ్చే బకెట్ కోసమే పోతున్నాడని మగ్గాల మధ్య పొద్దస్తమానం అదే ముచ్చట. మా పక్క మగ్గం రామాంజులు అడగనే అడిగాడు: "ఆచార్లూ, బకెట్ ఇస్తే మాకొకటి తెస్తావా?" ఆచార్లు నెమ్మదిగా అన్నాడు: "అది మూసే ఆపరేషనప్పా. నాది తెరిసి సూసేది. దీనికి బకెట్ ఇయ్యరు."

ఆ సర్జన్ మద్రాసులో చదివి ఆదోనిలో ఆస్పత్రి పెట్టుకున్నాడు. ఆచార్లు వీర్యపరీక్షలో ఒక్క కణం కూడా లేదు. దారి మూసుకుపోవడం వల్లనా, లోపల పుట్టకపోవడం వల్లనా అన్నది కోసి చూస్తే గాని తేలదన్నాడట. వృషణం మీద చుట్ట చుట్టుకుని ఉండే సన్నని నాళంలోంచి ఒక చుక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తాడు. అందులో కణాలుంటే మూసుకుపోయిన చోటు వదిలేసి ఆ పైనుంచి నాళాన్ని కలిపి కుడతాడు. లేకపోతే వృషణంలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాడు. ఈ మాటలన్నీ సుశీలాబాయి నాకు బడి వరండాలో, మధ్యాహ్నం డబ్బా విప్పుతూ, లెక్క చెప్పినట్టు చెప్పింది. నాకు అన్నం దిగలేదు. ఆపరేషన్ సంగతికి కాదు. ఆమె "మేమిద్దరం పోయినాం, మేమిద్దరం అడిగినాం" అంటుంటే.

వాళ్ళు తిరిగివచ్చిన రోజు నేను మిద్దె మీద వడియాలు ఎండబెడుతున్నాను. బస్సు దిగి వీధి వెంట నడిచి వస్తున్నారు. కచ్చపోసి పంచె కట్టే మనిషి లుంగీ చుట్టుకుని, కాళ్ళు ఎడంగా వేస్తూ వస్తున్నాడు. ఆమె ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో అతని మోచేయి పట్టుకుంది. వీధిలో, పట్టపగలు, పూజారి మోచేయి భార్య పట్టుకుని నడవడం మా ఊళ్ళో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. రామాంజులు మగ్గం ఆపి బయటికి వచ్చాడు. ఈసారి ఎగతాళి లేదు. ఏమైందన్నా అని అడిగాడు.

"ఏం లేదప్పా. సేను దున్ని సూసినాడు. ఇత్తనమే లేదు" అన్నాడు ఆచార్లు. తర్వాత అందరికీ వినపడేట్టు అన్నాడు: "ఇన్నేండ్లు ఈమెను గొడ్రాలన్నారు గదా. ఆ మాట ఇంగ నన్ను అనండి."

సుశీలాబాయి "ఎండలో ఎంతసేపు నిలబడతారు, పదండి" అంది. అంతే. వాళ్ళ తలుపు మూసుకుంది. ఆమెకు ఇక బిడ్డలు పుట్టరని తేలిన రోజు అది. నిజానికి నేను జాలిపడవలసిన రోజు. వడియాల పిండి చేతికి ఎండిపోయి పట్టేసేదాకా నేను అక్కడే నిలబడి, ఆ మోచేయి నాకెందుకు లేదని ఏడ్చాను.

ఆ ఏడాదే మా అత్త కోడుమూరులో ఒక పిల్లను చూసి వచ్చింది. మా ఆయనకు రెండో పెళ్ళి. చట్టం ఒప్పుకోదని ఎవరో అంటే, నేను సంతకం పెట్టి పుట్టింటికి పోతే ఎవరు అడుగుతారంది. మా ఆయన వద్దనలేదు, సరే అనలేదు. దుకాణానికి పోయి నూలు చుట్టలు సర్దుకున్నాడు. నేను సుశీలాబాయి దగ్గరికి పోయి, మీరొచ్చి మా అత్తకు చెప్పండి, మీ మాట వింటుంది అని బతిమాలాను. ఆమె రాలేదు. "నేను సెప్తే నా మాట అవుతాది. నీ మాట కాదు. పోయి నీ మొగుణ్ణి నువ్వే అడుగు. పరీక్షకు వస్తావా రావా అని నోరు తెరిసి అడుగు" అంది. గోడ అవతలే ఉండి, నా కాపురం కూలుతుంటే ఒక్క అడుగు వేయలేదు. ఇది కూడా నేను మరిచిపోలేదు.

అడిగాను. మా పెళ్ళయ్యాక ఆయన మొహంలోకి సూటిగా చూసి నేను అడిగిన మొదటి మాట అదే. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెల్లవారి గుడికి పోయి చాలాసేపు రాలేదు. గురాచార్లు ఆయనతో ఏం మాట్లాడాడో నాకు తెలియదు. వచ్చి, "వరిబీజం అని సెప్తాము. అట్లయితే వస్తా" అన్నాడు. వృషణంలో నీరు పట్టే వరిబీజానికి ఆపరేషన్ మగవాళ్ళకు పరువు తక్కువ కాదు. బరువెత్తే ప్రతివాడికీ వస్తుందనుకునేవారు. మా అత్త కూడా, వరిబీజానికి అమ్మవారికి సంబంధం లేదు, చేయించుకో, కోడుమూరు సంబంధం అది తీరాక చూద్దాం అంది.

ఆదోనిలో ఆస్పత్రి బయట పత్తి లారీలు పోతుంటే దూది తెగి ముళ్ళకంపల మీద తెల్లగా వాలేది. డాక్టరు మా ఆయన్ను చూసీ చూడగానే, కాగితాలు కూడా విప్పకుండా, "చిన్నప్పుడు మశూచి వచ్చిందా?" అని అడిగాడు. మశూచి తగ్గినా కొందరికి ఆ నాళాల్లో మచ్చకట్టి దారి మూసుకుపోతుందట. మొహం మీద కనిపించేదే లోపలా ఉండొచ్చన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్ళూ మా అత్త ఏ మచ్చలను చూపించి నన్ను గొడ్రాలిని చేసిందో, కారణం ఆ మచ్చలే. పరీక్షలో ఒక్క కణమూ లేదు. ఆపరేషన్ అయ్యాక డాక్టరు మాస్కు కిందికి లాగి, తీసిన చుక్కలో కదిలే కణాలు కనిపించాయని, రెండువైపులా కలిపి కుట్టానని, అతుకు నిలుస్తుందో లేదో కొన్ని నెలలు ఆగి చూడాలని చెప్పాడు. నేను చేతులు జోడించాను. లోపలికి పోతే మా ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇంటికి బయల్దేరేటప్పుడు నడిపిద్దామని మోచేయి పట్టుకోబోయాను. విదిలించుకున్నాడు. "ఈడ జరిగింది ఈడనే వదిలిపెట్టు. ఇంట్లో ఎత్తితే బాగుండదు" అన్నాడు. బస్సులో ఆయన ముందు మగవాళ్ళలో, నేను వెనక. దిగాక నాకంటే పది గజాలు ముందు, నొప్పి కనబడనీయకుండా పళ్ళు బిగించుకుని మామూలుగా నడవబోయాడు.

అతుకు నిలిచింది. ఏడాది దాటాక నేను నెల తప్పాను. కొడుకు పుట్టాడు.

తొట్టెల వేడుక పెద్దగా చేశారు. గురాచార్లే పురోహితుడు. అంతకుముందు ఏ ఇంట్లో తొట్టెల వేసినా నన్ను పిలిచేవాళ్ళు కారు. పిలిచినా వాకిట్లోనే కూర్చోబెట్టేవాళ్ళు. ఎవరు పిలవలేదో, ఎవరు పసుపు ఇవ్వకుండా దాటిపోయారో అన్నీ నా మనసులో ఉన్నాయి. ఆరోజు వాళ్ళందరూ నా ఇంటికే వచ్చారు. మొదట బిడ్డను తొట్టెలలో వేసి ఊపేది సుశీలాబాయే కావాలని నేను పట్టుబట్టాను. ఆమె మీద ప్రేమతోనే అని చెప్పలేను. నా బిడ్డను ఆమె చేతుల్లో చూడాలనిపించింది. ఆ చేతులు వణుకుతాయేమో చూడాలనిపించింది. ఆమె బిడ్డను తొట్టెలలో పడుకోబెట్టి తాడు పట్టుకుంది. మా ఆయన మేనత్త చప్పున ఆమె చేయి తీసేసి, "నువ్వొద్దులేమ్మా, బిడ్డలతల్లి ఎవురన్నా ఊపనీ" అంది.

ఆచార్లు మంత్రం ఆపాడు.

"నిలుపమ్మా. బిడ్డలు లేంది ఆమెకు కాదు, నాకు. ఆదోని డాక్టరు కోసి మరీ సూసినాడు. ఆమె సెయ్యి తగిలితే తొట్టెలకు వచ్చే దోషమేందో సెప్పు, నేనే శాంతి సేస్తా. పురోహితుణ్ణి ఈడనే ఉండా గదా."

ఎవరో కిసుక్కున నవ్వారు. మేనత్త పక్కకు జరిగింది. మా అత్త పరువు కాపాడుకోవడానికి గొంతు పెంచి, "కానీ ఆచార్లూ. మా కోడలి కడుపు తెరిపించింది ఆ యమ్మనే. మా పిల్లోని మీద దయ తల్చి ఈమెకు ఇచ్చింది. ఆ యమ్మ ఇచ్చినాంక దోషాలేంటికి తగుల్తాయి" అంది. అప్పుడు నేను మా ఆయనను చూశాను. ఆయన తొట్టెలకు ఆనుకునే నిలబడి ఉన్నాడు. ఒక్క మాట. లోపం ఈమెది కాదు, నాది అన్న ఒక్క మాట. చెప్తే పోయేదేమీ లేదు. కొడుకు తొట్టెలలోనే ఉన్నాడు, మగతనం రుజువై కళ్ళెదుట ఉంది. ఆయన తొట్టెలకు కట్టిన చామంతిపూల దండ సరిచేస్తూ నిలబడ్డాడు. సుశీలాబాయి చేతులు వణకలేదు. నా బిడ్డను సవ్యంగా ఊపి, తాడు నాకందించింది. ఆరోజు బిడ్డ నాకున్నాడు. అయినా నిండుగా ఉన్నది ఆమె, వట్టి చేతులతో ఉన్నది నేను.

తర్వాత ఏళ్ళలో నాకు ఆమె మీద ఇంకో కోపం పెరిగింది. నా కొడుకు ఏడుపుగొట్టు పిల్లాడు. వాడు గుక్కపట్టి ఏడవడం మొదలుపెడితే చాలు, గోడ అవతల రేడియో గొంతు పెరిగేది. కన్నడ పాటో, ధరవరలో, ఏది వస్తే అది. వాడు ఊరుకుంటే రేడియో తగ్గేది. పక్కింటి బిడ్డ ఏడుపు అంత చేదైతే వచ్చి ఒకసారి ఎత్తుకోవచ్చు గదా అనుకునేదాన్ని. బడిలో పక్కపక్కనే కూర్చుని అన్నం తినేవాళ్ళం. ఆమె వాడి ఊసెత్తేది కాదు. నన్ను చూసి ఆమె ఒక్కసారి కుళ్ళుకుని ఉంటే నాకు తృప్తిగా ఉండేది. ఆమె ఎప్పటిలాగే నా బోర్డు మీద తప్పులు పట్టింది.

ఆమె ఉద్యోగం విరమించి మంత్రాలయం దగ్గర సొంత ఊరికి వెళ్ళిపోయే రోజు వచ్చింది. బయట ఎద్దులబండిలో సామాను ఎక్కిస్తున్నారు. వంటింట్లో మేమిద్దరమే ఉన్నాం. ఎన్నేళ్ళుగా గొంతులో ఉన్నది అడిగేశాను.

"ఒకటి అడుగుతా అక్కా. మా పిల్లోడు ఏడ్సినప్పుడల్లా రేడియో ఎందుకు పెంచుతాండ్రి?"

ఆమె ఖాళీ డబ్బా మూత బిగిస్తూ ఆగింది.

"నీకు కోపం వచ్చిందా?"

"రాదా మరి?"

"నీ కొడుకు ఏడిస్తే నాకు అన్నం సహించేది కాదు సావిత్రీ. ముద్ద నోట్లో పెట్టుకుని అట్లనే ఉండిపోతాంటి. నువ్వు బడికి వస్తే నీ జాకెట్టు మీద పాలమరకలు సూసి మొగం తిప్పుకుంటాంటి. నీ మీద ఎంత కుళ్ళుండేదో నీకు తెలీదు."

నా ఒళ్ళు తేలికైంది. ఇన్నేళ్ళకు ఆమె నా దారికి వచ్చింది. నన్ను చూసి ఆమె కూడా కుళ్ళుకుంది. నేను గెలిచానన్నంత సంతోషం వేసింది. ఆమె మాట ఇంకా అయిపోలేదు.

"ఆ రేడియో పెంచింది నేను గాదు, ఆయన. నేనేం సెప్పలేదు, ఆయనేం అడగలేదు. ఒగ రాత్రి అన్నం ముందర లేసిపోయి పెంచినాడు. ఆ పొద్దు నుంచి నీ కొడుకు గొంతు లేస్తే ఆయన లేస్తాడు."

వాకిట్లోకి వచ్చాను. గురాచార్లు బండి మీద ఆ రేడియోను దుప్పట్లో చుట్టి, కుదుపులకు దెబ్బ తగలకుండా పరుపుల మధ్య పెడుతున్నాడు. ఆమె కుళ్ళు నాకు దొరికి ఒక నిమిషం కూడా కాలేదు. దాన్ని కూడా మొగుడు పంచుకున్నాడు. నా కుళ్ళు మాత్రం నేనొక్కదాన్నే మోసుకుని ఇంట్లోకి వచ్చాను. మా ఆయన లోపల రేడియో వింటున్నాడు. మా ఇంట్లోనూ రేడియో ఉండేది. అది ఎప్పుడు పెంచాలో ఆయనకు ఎన్నడూ తెలియలేదు. చనిపోయేదాకా లోపం తనదన్న ఆ ఒక్క మాటా చెప్పలేదు.

ఇప్పుడు సుశీలాబాయీ లేదు, ఆచార్లూ లేడు. నేను రిటైరయ్యేదాకా బోర్డు మీద తప్పు రాస్తే పిల్లలకు చూపించి, డస్టర్‌తోనే తుడిచాను. నన్ను చూసి నవ్విన పిల్ల కూతురు కూడా నా తరగతిలో చదివింది. సుశీలాబాయి దగ్గర నేర్చుకున్నది నా చేతికి అలా అంటుకుపోయింది.

కర్నూలు వరండాలో మా చెల్లెలు నా చెవిలో గొణుగుతోంది. ఈ పిల్లను చేసుకున్నప్పటి నుంచి ఆస్పత్రులకే సరిపోయింది, వీళ్ళ వంశంలోనే ఏదో ఉంది, మొదటే విచారించి ఉండవలసింది అని. కోడలు వినపడనట్టు గోడమీది క్యాలెండర్ చూస్తోంది. చెల్లెలి కొడుకు దూరంగా కిటికీ దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు. లోపం ఎవరిదో పరీక్షల్లో తేలింది. వాడికి తెలుసు, వాడి భార్యకు తెలుసు, పరీక్షలప్పుడూ తోడు వచ్చాను కాబట్టి నాకూ తెలుసు, మా చెల్లెలికే తెలియదు. నేనే చెప్పేయవచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది. నేను చెప్తే నా మాట అవుతుంది. లేచి వాడి దగ్గరికి పోయాను.

"మీ అమ్మ నీ పెండ్లాన్ని అంటాంది. ఇనపడతాందా?" అన్నాను. "పో. పోయి నీ నోటితో సెప్పు."

వాడు నన్ను చూశాడు, నేల చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకుని వరండా అంతా నడిచి వెళ్ళి, తల్లి ముందు నిలబడి, అందరూ ఉండగానే, "అమా, లోపం నాది. ఆమెను ఏమీ అనొద్దు" అన్నాడు. కోడలు క్యాలెండర్ మీది నుంచి చూపు తిప్పి వాణ్ణి చూసింది. ఆ పిల్ల మొహం ఎలా వెలిగిందో చూశాను. మంచి పని చేశానని ఎవరైనా అంటారేమో. నాకు తెలిసింది ఒకటే. కిటికీ దగ్గర నిలబడి ఆ పిల్లను కూడా చూసి కుళ్ళుకున్నాను.